ఎవరో నడిచిన పటం

డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయి, చేతిలో పనేమీ లేని రోజుల్లో అనంతపురంలో నాకొక హోదా ఉండేది. బస్టాండు వెనక సందులోని నెట్ సెంటర్లో, కంప్యూటర్ ఆటలోని ఫాస్ట్ ట్రావెల్ గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. కలెక్టరు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టే రైటరు దగ్గరికి జనం పోయినట్టు. తేడా ఒక్కటే, ఆ రైటరుకు తన పని తెలుసు.

అప్పటికి పట్నంలో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. మడకశిర పక్కన మా ఊరికి మాత్రం సిగ్నల్ రాలేదు. వానలాగే అదీ పక్క ఊరి దాకా వచ్చి ఆగిపోయేది. నేను సెంటర్లో పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టి, హాల్‌టికెట్లు ప్రింటు తీసిపెట్టేవాణ్ణి. అందుకు బదులుగా, గిరాకీ లేని పొద్దున పూట సెంటర్ నడిపే అన్న నన్ను మూలనున్న కంప్యూటర్లో ఆడుకోనిచ్చేవాడు.

అందులో ఒక ఆట ఉండేది. ఎల్లలు కనపడని రాజ్యం, మంచుకొండలు, పాడుబడిన కోటలు, గుహల్లో రాక్షసులు, కత్తి పట్టుకున్న ఒక వీరుడు. ఆ వీరుణ్ణి నేనే. ఈ చివరి ఊరినుంచి ఆ చివరి ఊరికి వాణ్ణి నడిపిస్తే నిజంగానే ముప్పావు గంట పట్టేది. అంత ఓపిక లేనివాళ్ల కోసం ఒక సదుపాయం ఉండేది. పటం తెరిచి ఊరి గుర్తు మీద మౌస్ నొక్కితే చాలు, వీరుడు అక్కడ ప్రత్యక్షమవుతాడు. అదే ఫాస్ట్ ట్రావెల్. దాన్ని లాభసాటిగా వాడడం ఎట్లాగో నేనొక శాస్త్రం తయారుచేశాను. పరీక్షలకు అంత కష్టపడి ఉంటే పేపర్లు మిగిలేవి కావని ఇంట్లోవాళ్లు అన్నారు కానీ, గొప్పవాళ్లను ఇంట్లోవాళ్లు ఎప్పుడు గుర్తించారు కనుక.

శాస్త్రం ఇది. ఒక ఊరికి ఒక్క పని మీద పోకూడదు, నాలుగు పనులు పోగయ్యాకే నొక్కాలి. బయల్దేరే ముందు ఆటను సేవ్ చేసుకోవాలి. ప్రయాణం మనకు రెప్పపాటే అయినా ఆటలోని గడియారం మాత్రం నడిచినంత సేపూ తిరుగుతుంది. ఊరు మూడు రోజుల దూరమైతే మూడు రోజులు గడిచిపోతాయి. ఆ సంగతి మరిస్తే దుకాణాలు మూసినాక చేరుకుంటాం. మోయలేనంత బరువుంటే ప్రయాణం కుదరదు. శత్రువు దగ్గర్లో ఉంటే కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారైనా కాళ్లతో నడిచి చూసిన ఊరికే ఎగిరిపోవచ్చు. నడవని ఊరి గుర్తు పటంలో నల్లగా ఉండిపోతుంది, ఎంత నొక్కినా పలకదు.

ఈ సూత్రాలను మా జిల్లాకు అన్వయించి చూడడం నా రెండో వ్యసనం. ఆటలో బరువెక్కువైతే కదలరు. కళ్యాణదుర్గం షేర్ ఆటో బరువెక్కువైతే తప్ప కదలదు. డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరు, వెనక ఎనిమిది మంది, ఒక చెనిక్కాయల మూట, మూట మీద ఒక ముసలాయన. అయినా ఇంకొకరికి చోటుందని ఆ మహానుభావుడు ఇంజను ఆపి బీడీ ముట్టించేవాడు. ఎక్స్‌ప్రెస్ అని బోర్డు కట్టుకున్న బస్సు చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగేది. ఒక్కోసారి చేతులెత్తి ఒళ్లు విరుచుకుంటున్న మనిషి దగ్గర కూడా ఆగేది.

ఇక శత్రువు సంగతి. మావైపు శత్రువు కత్తి పట్టుకొని రాడు. మనం గడప దాటగానే ఎదురొచ్చి, "యాడికి పోతాండావప్పా?" అంటాడు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందని మావాళ్ల నమ్మకం. వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మా నాయన ఈ నియమం ఎప్పుడూ తప్పేవాడు కాదు. ఒకసారి ఒకే బస్సు కోసం మూడుసార్లు బయల్దేరి, మూడు చెంబుల నీళ్లు తాగి ఎక్కాడు. బస్సెక్కినాక ఆయన బాధ వేరే అయింది.

నిజానికి నా ఫాస్ట్ ట్రావెల్‌లో వేగం కూడా అంతంతే. ఆ కంప్యూటరు ముసలిది. పటం మీద నొక్కి, ఎదురంగడికి పోయి టీ తాగి, పేపరు తిరగేసి వచ్చినా తెర మీద ఇంకా లోడింగ్ అనే ఉండేది. సరిగ్గా వీరుడు చేరబోయే సమయానికి కరెంటు పోయేది. "నడుచుకుంటా పోయింటే ఈపాటికి ఆడ అన్నం తింటా ఉందువు," అనేవాడు సెంటర్ అన్న.

ఇంత శాస్త్రం చెప్పినవాణ్ణి, ఒక్క విషయం మాత్రం అందరి దగ్గరా దాచాను. ఆ పటంలో వెలుగుతున్న ఊళ్లు నేను నడిచి వెలిగించినవి కావు. నాకంటే ముందు ఆ కంప్యూటర్లో ఆడి, ఉద్యోగం దొరికి బెంగళూరు పోయిన ఒకతను సేవ్ చేసి వదిలేసిన ఆట అది. రాజ్యమంతా కాళ్లరిగేట్టు తిరిగినవాడు అతను. అన్ని ఊళ్లూ వెలిగిన పటం నా చేతికి ఊరికే దొరికింది. ఏ రెండు ఊళ్ల మధ్య ఏముందో నాకు తెలియదు. తెలియకపోవడాన్నే వేగం అనుకున్నాను.

మా నాయన గొర్రెల కాపరి. నూటికి పైగా గొర్రెలు, ఒక నల్లకుక్క, భుజాన ఒక కంబళి. ఏటా శివరాత్రి దాటాక చిన్నాయనను తోడు తీసుకొని, మడకశిర నుంచి కళ్యాణదుర్గం మీదుగా శింగనమల చెరువు కిందికి మందను తోలుకుపోయేవాడు. నెల రోజుల నడక. ఆడికి చేరేసరికి చెరువు కింద వరికోతలై ఉండేవి, కోసినాక మిగిలిన కొయ్యకాళ్లలో గొర్రెలు మేసేవి. తొలకరికి మళ్లీ నడిచి వచ్చేవాడు. దారిలో ఒక్కో ఊళ్లో రెండు మూడు రాత్రులు ఎవరో ఒక రైతు చేన్లో మంద కట్టేవాడు. పడుకున్న గొర్రెల పెంటికలే ఆ చేనికి ఎరువు. బదులుగా రైతు జొన్నలో రాగులో ఇచ్చేవాడు, నీళ్లున్న చోటు చూపించేవాడు. చదువుకునే పిల్లవాణ్ణని నన్ను ఆ దారిలో ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. నేనూ అడగలేదు.

ఒకరోజు నాయన గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు కోసం పట్నం వచ్చి, సెంటర్లో నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర మీద కనుచూపు మేర పచ్చిక, గాలికి ఊగుతోంది. ఆయన రెప్ప వేయలేదు.

"ఇంత గడ్డి పెట్టుకొని ఒక్క గొర్రె ల్యాదు. ఏం మనుషులప్పా వీండ్లు," అన్నాడు. కాసేపాగి, "ఈ ఊరు యాడుండాది?" అని అడిగాడు.

అది ఆటలోని ఊరని చెప్పాను. నమ్మలేదు. కర్ణాటకలో ఎక్కడో ఉంది, వీడు నాకు చెప్పడం లేదు అన్నట్టు చూశాడు. ఆయన్ను మెప్పిద్దామని పటం తెరిచి నొక్కాను. ఆ రోజు కరెంటు కూడా దయ చూపింది. వీరుడు పచ్చికలోంచి మాయమై మంచుకొండ దగ్గర తేలాడు. సూత్రాలన్నీ వివరించాను.

"మధ్యలో ఊర్లు ల్యావా?" అన్నాడు నాయన.

"ఉండాయి. వాటితో మనకేం పని?"

"ఆ ఊర్లోళ్లు ఎదురుసూడరా?"

"వాండ్లు బొమ్మలు నాయనా."

"నడిచిన ఊరికే పోతాడంటివి. మరి నువ్వు నడిచిందెప్పుడు?"

"నేను కాదు, ఇంకొకాయన నడిచినాడు."

నాయన నిదానంగా తల ఊపాడు. అది మెచ్చుకోలనుకున్నాను. నా తెలివికి అంతకుమించి తట్టలేదు.

ఆ ఏడు శివరాత్రికి ఇంటికి పోయి ప్రకటించాను. నెల రోజులు నడవడం అజ్ఞానం. మడకశిరకు సిమెంటు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే లారీ ఒకటి ఉంది, డ్రైవరు నాకు తెలుసు. పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికి శింగనమల. నాయన ఒప్పుకోలేదు. దారిలో తాను మాట ఇచ్చినవాళ్లున్నారన్నాడు. ఒక్క ఏడు పోకుంటే కొంపలేం మునగవన్నాను. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నాయన చివరికి చదువుకున్న కొడుకును నమ్మాడు. ఒకటే షరతు పెట్టాడు.

"కళ్యాణదుర్గం దాటినాక ఒక ఊరి కాడ లారీ ఆపల్ల. ఆడొక అవ్వ ఉండాది. ఈ ఏడు మంద రాదని ఆయమ్మకు ఒక మాట చెప్పల్ల. నేను టాపు మీద కొడతా, నువ్వు ఆపించు."

సరే అన్నాను. చుట్టాలు మళ్లీ రమ్మంటే వస్తాంలే అంటామే, ఆ సరే.

ఎక్కించడానికే సగం పొద్దు పోయింది. గొర్రె లారీ ఎక్కదనే సంగతి నా శాస్త్రంలో లేదు. చివరికి నాయనే ముందు ఎక్కి పిలిస్తే ఒక్కొక్కటే ఎక్కాయి. కదలబోతుండగా పక్కింటాయన వచ్చి, "ఇన్ని గొర్లేసుకొని యాడికి పోతాండారప్పా?" అన్నాడు. నాయన వెంటనే దిగబోయాడు, నీళ్లు తాగడానికి. "లారీకి తాపినాం లే నాయనా, అదే నీళ్లు," అని రేడియేటరు చూపించి, నేను డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. నాయన, చిన్నాయన, కుక్క వెనక గొర్రెలతో.

కళ్యాణదుర్గం దాటాం. ఎడమ పక్కన ఒక చేను కనిపించింది. రాళ్లు ఏరి శుభ్రంగా ఉంది. ఒక మూలన కొత్తగా కొట్టిన ముళ్లకంపతో గుండ్రంగా దొడ్డి కట్టి ఉంది. ఇంతలో టాపు మీద దబదబమని మూడు దెబ్బలు పడ్డాయి.

"ఆపల్నా?" అన్నాడు డ్రైవరు.

అప్పటికే ఆలస్యమైందని అతను రెండుసార్లు గొణిగాడు. దిగితే నాయన ఊళ్లోకి పోతాడు, ఆ అవ్వ సంగటి పెడుతుంది, తినకుండా రాడు, గంట పోతుంది. మధ్యలో దిగితే అది ఫాస్ట్ ట్రావెల్ ఎట్లా అవుతుంది? "వద్దులే అన్నా, గొర్రె తన్నింటాది, పోనీ," అన్నాను. మళ్లీ దెబ్బలు పడలేదు.

శింగనమల చేరేసరికి ఇంకా వెలుతురుంది. చెరువు కింద ఎటు చూసినా పచ్చటి వరి. కోతలకు ఇంకా నెల ఉంది. గట్టు మీది రైతు మమ్మల్ని చూసి, "ఏమన్నా, ఈ తూరి ఇంత ముందే వస్తివి? వరి ఇప్పుడిప్పుడే పాలు పోసుకుంటాండాది," అన్నాడు. నాయన నావైపు తిరిగాడు. కోపంగా కూడా లేడు.

"నడిచినన్ని రోజులు గడియారం తిరుగుతాదంటివి కదరా?"

నేను లారీ వెనక తలుపు తీయబోయాను.

"ఈ లారీకి గడియారం ల్యాదేమో," అన్నాడు.

పచ్చని పైరు కళ్ల ముందే, నోట్లో గడ్డిపరక లేకుండా మా గొర్రెలు నెల రోజులు నిలబడ్డాయి. నాయన, చిన్నాయన తుమ్మకాయలు రాల్చి, కొమ్మలు కొట్టి వేశారు. ఏడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఆ ఏడింటి సంగతి నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే నేను మూడో రోజే బస్సెక్కి సెంటర్‌కు వచ్చేశాను, అక్కడ నా సలహాల కోసం జనం ఎదురుచూస్తుంటారు కదా.

తొలకరి పడ్డ వారానికి సెంటర్‌కు నాయన ఫోన్ చేశాడు. చిన్నాయన కాలు బెణికింది. లారీ ఊసెత్తలేదు. "వచ్చి నడువు," అని పెట్టేశాడు.

నా బతుకులో మొదటిసారి ఆ దారిలో నడిచాను. రెండో రోజుకే అరికాళ్లు బొబ్బలెక్కాయి. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు నిలబడి, "ఏమన్నా, పోయేటప్పుడు కనపడకపోతివే?" అని అడగడం, దొంగతనం ఒప్పుకున్నట్టు నాయన తల దించుకొని, "లారీలో పోతిమి," అనడం. ఏ మలుపులో ఏ చెట్టు కాయలు రాలుస్తుందో, ఏ బావికి మెట్లున్నాయో, ఏ ఇంట్లో జ్వరమొచ్చి లేచారో ఆయనకు తెలుసు. నాకు ఊళ్ల పేర్లు కూడా తెలియవు. నాతో పోలిస్తే కుక్క నయం, అందరూ దాన్ని పలకరించారు.

కళ్యాణదుర్గం వైపు పోతుండగా ఆ ముళ్లకంప దొడ్డి కనిపించింది. గుర్తుపట్టి ఆగిపోయాను. చుట్టుపక్కల చేలన్నీ విత్తేశారు, వరసలుగా మొలకలు. ఆ ఒక్క చేను మాత్రం దున్నకుండా, కలుపు మొలిచి ఉంది. మాకు వాన ఒక్కటే కాదు, పదును ముఖ్యం. వాన పడ్డాక విత్తనానికి సరిపడా తడి నేలలో నిలిచే ఆ నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పోయాయి.

అవ్వ గట్టు మీంచి దిగి వచ్చింది. ముందు కుక్క తల నిమిరి, తర్వాత నాయన ఎదుట నిలబడింది.

"సచ్చిపోయినావనుకుంటినప్పా," అంది.

నాయన భుజం మీది కంబళి సర్దుకున్నాడు.

"మాట ఇచ్చినోడు రాలేదంటే సచ్చిపోయినాడనే కదా అనుకోవల్ల? పోయేటప్పుడు రాకుంటే తిరిగొచ్చేటప్పుడన్నా వస్తాడు, మంద పడినాకే దున్నుదామని ఉంటి. పదును పోయె. శివరాత్రి పోయినాక ఒక లారీ పోతాంటే, వెనక నీ కంబళి మాదిరే కనపడింది. ఛ, ఆయప్పయితే ఆపడా, అనుకుంటి."

లారీ ఆపమని టాపు మీద కొట్టానని నాయన అంటాడని చూశాను. అనలేదు. అంటే తప్పు నా మీదికి వస్తుంది. నేను అనొచ్చు. నేనూ అనలేదు. అంత పిరికివాణ్ణని అప్పటిదాకా నాకు తెలియదు, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ నావైపు చూసి, "ఈ పిల్లోడెవరు?" అంది.

"నా కొడుకు."

"ఈ దావలో ఎప్పుడూ సూడలే."

ఇప్పుడైనా మంద కడతానని నాయన అన్నాడు. వద్దంది. వచ్చే ఏటికి వేరే మందకు చెప్పుకుంటానంది. ఆ తర్వాతి వాన శ్రావణం సగమయ్యాక గానీ రాలేదు. ఆవిడ చెనిక్కాయ వేయలేక ఉలవలు చల్లుకుందని ఎవరో చెప్పారు.

సెంటర్‌కు తిరిగొచ్చి, ఆ సేవ్ చేసిన ఆటను పక్కన పెట్టి, కొత్తగా మొదలుపెట్టాను. పటమంతా నలుపు. మొదటి మలుపులోనే ఒక తోడేలు నన్ను చంపేసింది. రెండోసారీ చంపేసింది. సలహా అడగడానికి వచ్చినవాళ్లు అది చూసి, మర్యాదగా వెనక్కి పోయారు. నా హోదా ఆ వారంతో ముగిసింది.

మళ్లీ శివరాత్రి వచ్చింది. ఆ ఏడాదంతా నాయన లారీ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మంద కదలక ముందు నన్ను పిలిచాడు.

"ముందర నువ్వు పో. నడిచి పో. ఆ అవ్వ ఒప్పుకుంటేనే ఆ దావలో మంద తోల్తా. ల్యాదంటే గొర్లు అమ్మేస్తా. మాట పోయినాక ఆ ఊర్లలో తలెత్తుకొని నడిచేది నా చేత కాదు."

ఐదు రోజులు నడిచాను. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆగి, ఎవరి కొడుకునో చెప్పుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం ఆ చేను దగ్గరికి చేరేసరికి అవ్వ కంప కొట్టి కుప్ప వేస్తోంది, ఏ మంద కోసమో తెలియదు. నన్ను గుర్తుపట్టలేదు. దారినపోయే మనిషిని అడిగినట్టు అడిగింది.

"యాడికి పోతాండావప్పా?"

అడిగి, వెంటనే నాలుక కరుచుకుంది. "అయ్యో, అడగకూడదే. కూసో, నీళ్లు తాగి పోదువులే."

కూర్చున్నాను. చెంబెడు నీళ్లూ తాగాను.

"పోయేది ల్యాదవ్వా. ఈడికే వచ్చినా," అన్నాను. నా కాళ్లవైపు చూసింది. ఎక్కడి నుంచి నడిచొచ్చానో అడగలేదు. అప్పుడు చెప్పాను. "పోయినేడు గొర్లేసుకొని పోయిన ఆ లారీలో ముందర కూర్చున్నోణ్ణి నేనే. మీ ఊరి కాడ ఆపమని మా నాయన టాపు మీద మూడు తూర్లు కొట్టినాడు. పోనిమ్మన్నది నేను."

ఆవిడ చేతిలోని కొడవలి కింద పెట్టింది.

"మూడు తూర్లు కొట్టినాడా?"

"మూడు తూర్లు కొట్టినాడు."

"అట్లయితే ఆయప్ప బతికే ఉండాడు," అంది. తర్వాత కంప కుప్ప చూపించి, దొడ్డి కట్టడానికి ఒక చెయ్యి వేయమంది.